పావూ పరకా

తెలుగువాళ్ళ ఇంటిగోడకి రంగు ఉంటుంది గానీ చొక్కా ఉండదు. ఇటుకలు పేర్చి, సిమెంటు పూసి, ఆపైన సున్నమో మరోటో కొట్టేశామంటే ఇక ఎండకీ వానకీ ఆ గోడే నిలబడాలి. పదేళ్ళకోసారి, ఇంట్లో పెళ్ళి కుదిరితే మళ్ళీ ఒక పూత. అంతవరకే దాని భాగ్యం.

అమెరికాలో అలా కాదు. అక్కడ మామూలు ఇల్లంటే ముందు ఒక కర్రల పంజరం. దూలాలూ స్తంభాలూ మాని, సన్నపాటి కర్రలు దగ్గర దగ్గరగా నిలబెట్టి మేకులతో కొట్టేసే ఈ పద్ధతి 1830లలో చికాగో ప్రాంతంలో పుంజుకుందిట. ఆ పంజరానికి బయట చెక్క అట్టలు, వాటిమీద వాన దిగకుండా ఒక తెల్లటి పొర, అన్నిటికీ పైన తొడుగు. ఆ తొడుగునే సైడింగు అంటారు. వెనకటికి సీడరు చెక్కలు కొట్టేవారు. రెండో ప్రపంచయుద్ధం తరవాత అల్యూమినియం రేకులొచ్చాయి. ఆ రేకులు అంటగట్టడానికి ఇల్లిల్లూ తిరిగి అబద్ధాలాడే సేల్సుమన్ల మీద బారీ లెవిన్సన్ 1987లో ‘టిన్ మెన్’ అని ఒక నవ్వులాట సినిమాయే తీశాడు. 1950ల చివర్లో ప్లాస్టిక్కు పలకలొచ్చాయి. ప్లాస్టిక్కంటే మరేమీ కాదు, మన నీళ్ళగొట్టాలకి వాడే పీవీసీయే. పన్నెండడుగుల పొడుగు, అప్పడమంత మందం, చెక్కని భ్రమ పడేట్టు గీతలు. రంగు వెయ్యక్కర్లేదు, చెద పట్టదు, చవక. మా చెల్లెలి ఇంటికి ఉన్నవి అవే.

మొదటిసారి వాటిని చూసినప్పుడు నాకు మా అమ్మమ్మగారి ఊళ్ళో గొడ్లసావిడి గుర్తొచ్చింది. తొలకరికి ముందు, మట్టిగోడ నాని విరిగిపడకుండా దానికి తాటాకులు దడిలా కట్టేవారు. అడుగునుంచి మొదలుపెట్టి పైకి, కింది వరసమీదికి పై వరస దిగేట్టు. నీళ్ళు జారిపోవాలిగా మరి! మిన్నెసోటాలో ప్లాస్టిక్కు పలకలు కొట్టే మేస్త్రీ కూడా అడుగునుంచే మొదలెడతాడు, కింది పలక అంచులో పై పలకని తగిలిస్తూ పైకెళతాడు. వాన నీటికి ఏ దేశమైనా కిందికి పోవడమొక్కటే తెలుసు.

ఇంతకీ జరిగిందేమిటంటే, 2024 వేసవిలో వాళ్ళ పేటలో నిమ్మకాయలంతేసి వడగళ్ళు పడ్డాయి. మినియాపొలిస్ శివారు. ఉత్తరపు గోడా పడమటి గోడా జల్లెడలయ్యాయి. ఇన్సూరెన్సువాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకుని, ఉత్తరాలు రాసి, ఆ ఉత్తరాలకి మళ్ళీ ఉత్తరాలు రాసి, డబ్బు మంజూరు చేసేసరికి చెట్ల ఆకులు రాలిపోయాయి. సరే, డబ్బొచ్చిందిగా అనుకుంటే మేస్త్రీలు దొరకరు. వడగళ్ళు వీళ్ళ ఇంటిమీదే పడలేదుగా. వీళ్ళ వంతు వచ్చేసరికి 2025 జనవరి.

ఆ జనవరిలో నేను అక్కడే ఉన్నాను. మిన్నెసోటాకి జనవరిలో వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటారా అంటే, విమానం టిక్కెట్టు చవగ్గా దొరికింది అప్పుడే. ఎందుకు చవకో దిగాక తెలిసింది.

లంబసింగిలో సున్నా డిగ్రీలకి దిగిందంటే మన పత్రికల్లో గడ్డిమీద మంచు ఫొటో వేస్తారు. జనం కార్లు కట్టించుకుని చూడ్డానికి పోతారు. మిన్నెసోటాలో ఆ సున్నా జనవరికి వెచ్చనిరోజు కింద లెక్క. పైగా వాళ్ళది ఫారన్‌హీటు లెక్క. వాళ్ళు సున్నా అంటే మనకది మైనస్ 18. వాళ్ళ కబుర్లన్నీ ఆ సున్నాకి ఇంకా కిందనుంచి మొదలవుతాయి. 2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 28కి దిగిందనీ, ఆవేళ పోస్టు కూడా పంచలేదనీ మా చెల్లెలు తుఫాను గురించి దివిసీమవాళ్ళు చెప్పినట్టు చెబుతుంది. ఆ రాష్ట్రంలోనే ఉత్తరాన టవర్ అనే ఊళ్ళో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 60 నమోదయింది. ఇకమీద నేను చెప్పే డిగ్రీలన్నీ ఆ ఊరి లెక్కే అనుకోండి, మార్చుకుంటూ కూచుంటే నాకే తిక్కగా ఉంటుంది.

చలి అంటే వణుకు అనుకునేదాన్ని. అది కాదు. గుమ్మం దాటి మొదటి ఊపిరి పీల్చగానే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి లోపల గుచ్చుకుంటాయి. అప్పుడు తెలుస్తుంది అది మన చలికి అక్కో చెల్లెలో కాదని, వేరే జాతిదని. దానికి గాలి తోడైతే మరీను. అంటార్కిటికాలో సైపుల్, పాసెల్ అనే ఇద్దరు చిన్న గొట్టంలో నీళ్ళు పోసి బయట వేలాడదీసి, ఏ గాలికి ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసి 1945లో ఒక లెక్క అచ్చువేశారు. 2001లో అమెరికా, కెనడా కలిసి దాన్ని సవరించుకున్నాయి. వాతావరణశాఖవారి పట్టికలో ఇంత చలికి ఇంత గాలి తోడైతే ఒళ్ళు గడ్డకట్టడానికి 30 నిమిషాలు, ఇంతకి 10, ఇంతకి 5 అని రంగులేసి ఉంటుంది. మా చెల్లెలు పాలవాడి లెక్కలాగా దాన్ని ఫ్రిజ్జుకి అంటించుకుంది.

మేస్త్రీ వచ్చాడు. యాభై దాటిన మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటాడు. ఊరు ఈక్వడార్ కొండల్లో. భూమధ్యరేఖ పేరే దేశానికి పెట్టుకున్నవాళ్ళు! ఆయన వెంట ముగ్గురు. అందులో ఒకడు మేనల్లుడు, ఇరవై రెండేళ్ళుంటాయి, ఇంగ్లీషు వాడికే వచ్చు. మేస్త్రీ రాగానే గోడ చూడలేదు. గ్యారేజీ తలుపు తీయించి, లోపలున్న కారు బయట పెట్టమన్నాడు.

“వదినగారూ, చూశారా విడ్డూరం! కారు మంచులోట, ప్లాస్టిక్కు ఇంట్లోట,” అన్నాడు మా మరిది.

గ్యారేజీలో హీటరు లేదు గానీ ఇంటిగోడని ఆనుకుని ఉంటుంది కనక బయటికన్నా నయం. పలకల్ని నేలమీద బల్లపరుపుగా పరిచారు. రంపంబల్ల కూడా అక్కడే వేశారు. రంపపు బిళ్ళని తీసి వెనక్కి తిప్పి బిగించాడు మేస్త్రీ, పళ్ళు వెనక్కి ఉండేట్టు. ముందుకుంటే కోత తొందరగా వస్తుంది గానీ చలికి పెళుసెక్కిన పలక అప్పడంలా ముక్కలవుతుందిట. తిరగేసిన బిళ్ళతో, నెమ్మదిగా, బుజ్జగిస్తున్నట్టు కోశాడు. కుర్రాళ్ళు తొందరపడితే “దెస్పాసియో” అనేవాడు. ఆ మాటకి అర్థం నిదానంగా అని. నాలుగురోజుల్లో నేను నేర్చుకున్న స్పానిషు అదొక్కటే.

నేను కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూచున్నాను. మన ఊళ్ళో వడ్రంగి పనిచేస్తుంటే గుప్పెడు మేకులు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడతాడు చూడండి, వీళ్ళు అలా పెట్టుకోరు. పెడితే ఇనుము పెదవికి అంటుకుపోతుంది. బరమా బ్యాటరీలు చలికి చచ్చిపోతాయి కనక వాటిని కోడిపిల్లల్లాగా కోటు లోపల, ఒంటికి ఆనించి పెట్టుకున్నారు. గుర్తు పెట్టుకోడానికి పెన్సిలే, పెన్ను రాయదు. నిచ్చెన కాళ్ళ కింద మంచు గడ్డపారతో పగలగొట్టి, ఉప్పు జల్లి, అప్పుడు ఎక్కారు. మేకుకొట్టే యంత్రానికి గాలి తీసుకొచ్చే రబ్బరు గొట్టం కర్రలా బిగుసుకుపోయింది. దాన్ని నిమురుతూ సాపు చెయ్యడానికే ఒక మనిషి పొద్దున అరగంట పనిచేశాడు.

పాత పలకలు ఊడదీస్తే వంటింటి కిటికీ కింద చెక్క అట్ట తడిసిన బిస్కట్టులా ఉంది. ఎన్నేళ్ళనుంచి నీళ్ళు దిగుతున్నాయో! దాన్ని కోసి తీసేశారు. లోపలున్న గులాబీరంగు దూదిపొర బయటపడింది. ఇల్లు పొట్ట విప్పి పడుకున్నట్టనిపించింది నాకు. మా చెల్లెలు చూడలేక లోపలికెళ్ళిపోయింది. కొత్త చెక్క బిగించి, తెల్లపొర చుట్టేసరికి మొదటిరోజు అయిపోయింది.

రెండోరోజు పలకలు ఎక్కించడం మొదలయింది. ఆ విద్య చెప్పాలి మీకు.

పలక పై అంచున వరసగా పొడుగాటి బెజ్జాలుంటాయి. మేకు ఆ బెజ్జానికి సరిగ్గా నడిమధ్య పడాలి. పడ్డాక గట్టిగా దిగకూడదు. మేకు తలకీ పలకకీ మధ్య అంగుళంలో 1/32 వంతు ఖాళీ ఒదలాలి. అంటే పలకని గోడకి కొట్టకూడదు, తగిలించాలి. ప్రతి పలకా అయ్యాక మేస్త్రీ దాన్ని అరచేత్తో కుడికీ ఎడమకీ జరిపి చూసేవాడు. ఆడితే సరే. ఆడకపోతే మేకు పీకించేవాడు.

ఎందుకంటే చలికి ముడుచుకునే వస్తువు ఎండకి సాగుతుంది. ఇది మనకి తెలియనిది కాదు, రైలుపట్టాల మధ్య సందు ఎందుకని చిన్నప్పుడు మాస్టారు అడిగిన ప్రశ్నే. అయితే ఈ పీవీసీ మహా సాగుడు సరుకు. పన్నెండున్నర అడుగుల పలక చలికీ ఎండకీ మధ్య అరంగుళం, ఆ పైన కూడా తేడా చూపిస్తుంది. కదలకుండా బిగించేస్తే జూలైలో అది ఎటు పోతుంది? ఎటూ పోలేక ఉబ్బుతుంది. గోడంతా అలలు అలలుగా లేస్తుంది.

అందుకని పలక కొస కిటికీ చట్రాన్నీ మూలపట్టీనీ తాకకుండా సందు ఒదులుతారు. మామూలు రోజుల్లో పావు అంగుళం. 40 డిగ్రీలకన్నా చలిగా ఉంటే అంగుళంలో 3/8 వంతు. మేస్త్రీ వేళ్ళమధ్య చూపించిన ఆ కొలతకి మనదగ్గర చక్కటి మాట ఉంది. మా తాతగారి కాలంలో పావు తరవాత పరక, పరక తరవాత వీసం. పరకంటే ఎనిమిదోవంతు. పావు మీద పరక. ‘పావూ పరకా’ అన్నాను నేను పైకే. మేనల్లుడికి అది నచ్చింది. ఆ తరవాత వాడు సందు కొలిచినప్పుడల్లా “పౌ పరక” అనేవాడు.

చిన్నప్పుడు మాకు గౌన్లు కుట్టిన దర్జీ లోపల మడతల్లో బెత్తెడు గుడ్డ ఒదిలేవాడు. పిల్ల ఎదుగుతుందిగా! అమ్మ గుడ్డ కొనేటప్పుడే ఆ బెత్తెడూ కలిపి కొనేది. జనవరిలో గోడకి పలక తొడిగేవాడు కూడా జూలై పలకకి కొలత తీసుకుని కుట్టాలి. కళ్ళముందున్నది ముడుచుకున్న పలక. తొడగాల్సింది సాగిన పలకకి. ఈ ఊహ చెయ్యగలిగినవాడే మేస్త్రీ, మిగతావాళ్ళు మేకులు కొట్టేవాళ్ళు.

ఆవేళ 5 డిగ్రీలుంది. దానికి తోడు గాలి. మధ్యాహ్నం రెండింటప్పుడు మేనల్లుడు నిచ్చెన దిగి చేతితొడుగు తీసి తన వేళ్ళని తనే వింతగా చూసుకుంటున్నాడు. కిటికీలోంచి నాకు కనిపించింది. రెండు వేళ్ళ కొసలు కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి. మా చెల్లెల్ని కేకేశాను. అది పరుగెత్తుకెళ్ళి లోపలికి లాక్కొచ్చింది. వాడు బూట్లతో లోపలికి రానని గుమ్మంలో మొరాయించాడు. మనింట్లో చెప్పులు విప్పే మర్యాద ఉందని గమనించాడు కాబోలు. ఆ బూట్ల తాళ్ళు ఆ వేళ్ళతో విప్పుకోనూ లేడు. చివరికి మా చెల్లెలే వంగి విప్పింది.

వేణ్ణీళ్ళు పెట్టబోతే “వేడివి కాదక్కా, గోరువెచ్చనివి,” అంది. వేళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి కనక కాలినా తెలియదుట. రుద్దకూడదు, పొయ్యికి ఆనించకూడదు. గోరువెచ్చని నీళ్ళలో పెట్టి ఊరుకోవాలి. నెత్తురు తిరిగి పారుతున్నప్పుడు వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొప్పి అప్పుడే మొదలవుతుందిట. అల్లం టీ ఇస్తే రెండోచేత్తో తాగాడు. పావుగంటకి వేళ్ళు ఎర్రగా అయ్యాయి. తొడుగుమీద తొడుగు వేసుకుని మళ్ళీ నిచ్చెనెక్కాడు. పని ఆగలేదు.

మూడోరోజుకి సున్నాకి 8 కిందకి దిగింది. ఆ రాత్రికి మైనస్ 15 అని, మూడురోజులు అలాగే ఉంటుందని వాతావరణంవాళ్ళు మోగిస్తున్నారు. ఉత్తరపు గోడ సగం పైగా అయింది. ఇంకో నాలుగు గంటలు కొడితే పూర్తి. పదకొండింటికి టప్పుమని చప్పుడయింది. కాసేపటికి ఇంకోటి. రెండు పలకలు బెజ్జాల దగ్గర గాజులు చిట్లినట్టు చిట్లాయి. మేస్త్రీ చెయ్యెత్తి అందర్నీ దిగమన్నాడు.

మా మరిది బయటికెళ్ళాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఎవరి ఇంటిగోడ సగం విప్పి ఉంటే వాళ్ళకి బాధ. గాలి వచ్చి తెల్లపొర ఎగరేసుకుపోతే? ఈ నాలుగు గంటలకీ విడిగా డబ్బిస్తానన్నాడు. మేనల్లుడు ఆ మాట మేనమామకి చెప్పి, ఆయన మొహంకేసి చూశాడు. మిగతా ఇద్దరూ చూశారు. వాళ్ళకి నెలజీతాలు లేవు. ‘స్క్వేరు’కి ఇంతని కూలి, స్క్వేరంటే వంద చదరపుటడుగులు. గోడ ఎక్కని రోజు పైసా రాదు. మూడురోజులు చలిసెలవు అంటే మూడురోజులు పస్తుబేరం.

మేస్త్రీ ఒక పలకముక్క తీసి రెండుచేతుల మధ్య కాస్త వంచాడు. అది పుటుక్కుమంది. ఆ ముక్కలు మా మరిది చేతిలో పెట్టి ఏదో అన్నాడు. “జూలైలో మీరు నన్ను తిడతారు, అంటున్నాడు,” అని మేనల్లుడు తర్జుమా చేశాడు. మా మరిది ఆ ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూసి “రైటో” అన్నాడు. అంతే, వాదన లేదు.

పొర ఊడకుండా అంచుల వెంబడి తలవెడల్పు మేకులు కొట్టారు. ఆ చలికి అతుకుపట్టీలు అంటుకోవడం లేదు. సామాను వ్యానులోకెక్కిస్తుంటే నేను టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళాను. మనసులో తొలుస్తున్నది మేనల్లుణ్ణి అడిగేశాను: పలక చిట్లకపోతే ఇవాళ ఆపేవారా అని. వాడు నవ్వి మేనమామకి చెప్పాడు. ఆయన టీ ఊదుకుంటూ, నాకేసి చూడకుండా జవాబిచ్చాడు. వాడు దాన్ని ఇంగ్లీషులో పెట్టడానికి కాస్త తడుముకున్నాడు.

“చలేస్తోంది అంటే ఇంటివాళ్ళు ఇంకో గంట అంటారుట. పలక పగులుతోంది అంటే వెంటనే వింటారుట.”

ఆ రాత్రి పొర తెరచాపలాగా టపటపా కొట్టుకుంటూనే ఉంది. నిద్రపట్టక మా మరిది, నేను వంటింట్లో కూచున్నాం. ఆయన ఇంజనీరు, నిద్రపట్టకపోతే పుస్తకాలు తిరగేసే రకం. పలకల కంపెనీవాళ్ళ సూచనలు తీశాడు. ఎన్ని పేజీలని! ఎన్ని డిగ్రీల కింద సందు ఎంత ఒదలాలి, ఎలా కొయ్యాలి, ఎలా పేర్చాలి, అన్నిటికీ అంకెలున్నాయి. సరే, నిచ్చెనమీది మనిషికి ఎన్ని డిగ్రీల కింద పని ఆపాలో చూడమన్నాను. అమెరికా కేంద్రప్రభుత్వపు పనిభద్రతా నియమాల్లో చలికని ప్రత్యేకమైన అంకె లేదు. తెలిసిన ప్రమాదాలనుంచి పనివాళ్ళని కాపాడవలసిన బాధ్యత యజమానిది అని పొడిగా ఒక మాట మాత్రం ఉంది. కెనడాలో సస్కాచువాన్ రాష్ట్రంవాళ్ళు తయారుచేసిన పట్టిక ఒకటి ఉంది. ఇంత చలి, ఇంత గాలి ఉంటే నాలుగు గంటల పనిలో ఎన్నిసార్లు వెచ్చటిచోటికి పోవాలి, ఎప్పుడు పని మానెయ్యాలి అని. అమెరికాలో అది పాటిస్తే మంచిదని సలహా, పాటించి తీరాలని కాదు.

“పలకకి ఉన్న లెక్క మనిషికి లేదన్నమాట,” అన్నాను.

“పలక పగిలితే కంపెనీ మళ్ళీ ఇవ్వాలి వదినగారూ,” అన్నాడాయన. ఎద్దేవాకి అన్లేదు, ఉన్నమాట అన్నాడు.

అమెరికావాళ్ళని ఆడిపోసుకోడానికి నాకు నోరు రాలేదు. రోహిణికార్తెలో మనం శ్లాబు వేయిస్తాం. అది పగుళ్ళివ్వకుండా చుట్టూ మళ్ళు కట్టి నీళ్ళు నిలబెడతాం, గోనెపట్టాలు తడిపి కప్పుతాం, పొద్దునా సాయంత్రం వెళ్ళి తడి ఆరిందేమోనని చేత్తో ముట్టుకు చూస్తాం. ఆ శ్లాబుకి కంకర మోసిన మనిషి నెత్తిమీద తడిగుడ్డ ఎవరు వేశారు? వేసుకుంటే వేసుకుంది. కాకపోతే మన కూలీ తట్ట దించి ‘పగుళ్ళొస్తాయండీ’ అని చెప్పి ఇంటికెళ్ళగలిగే ఉపాయం లేదు. ఎండకి శ్లాబు గట్టిపడుతుంది. ఆ మేస్త్రీకి పెళుసు పలక దొరికింది, అదృష్టవంతుడు. మూడురోజుల కూలి పోగొట్టుకున్న మనిషిని పట్టుకుని అదృష్టవంతుడంటున్నానేమిటని ఆ తరవాత నాకే అనిపించింది. ఆ మాట కొట్టేద్దామనుకుని మళ్ళీ ఉంచేశాను, రెండూ నిజమే గనక.

పొర ఎగిరిపోలేదు. నాలుగోరోజున 18 డిగ్రీలకి ఎక్కింది. ‘వెచ్చబడింది’ అని మా చెల్లెలు నిజంగానే అంది, నవ్వుతాలుకి కాదు. వ్యాను వచ్చింది. మేనల్లుడి చేతులకి కొత్త తొడుగులు, మోచేతులదాకా ఉన్నాయి. మా చెల్లెలు కొనిచ్చిందని నాకు తరవాత తెలిసింది. మొగుడికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. మధ్యాహ్నానికి ఉత్తరపు గోడ, మర్నాటికి పడమటిది అయిపోయాయి. చివరి పలకని కూడా మేస్త్రీ అరచేత్తో జరిపి, ఆడించి చూసి, దిగాడు. దగ్గరికెళ్ళి చూస్తే కిటికీ చట్రం పక్కన పట్టీ లోపల ఆ సందు నల్లటి గీతలా కనిపించింది. తెలియనివాళ్ళు పనితనం చాల్లేదనుకుంటారు.

మా మరిది లెక్కకట్టి డబ్బిచ్చాడు. మధ్యలో పోయిన రోజులకి ఏమైనా ఇవ్వాలా అని ఆ రాత్రి మొగుడూ పెళ్ళాం గుసగుసలాడుకున్నారు. ఎంత ఇచ్చారో, ఇచ్చారో లేదో నేనడగలేదు. చెల్లెలి కాపరంలో అక్క అడగకూడనివి కొన్నుంటాయి.

జూలైలో మా చెల్లెలు ఫోను చేసింది. వాళ్ళకి 95 డిగ్రీలు ఎక్కిందిట. నేను ముందు గోడ సంగతే అడిగాను. ఎండ ఎక్కే వేళకి గోడలో టిక్కుటిక్కుమని చప్పుడు వస్తోందిట, పలకలు జరుగుతున్నాయన్నమాట. బయటికెళ్ళి చూసి రమ్మన్నాను. ఫోను పట్టుకునే వెళ్ళింది. సందులో నల్లగీత సన్నబడిపోయిందిట, గోడ మాత్రం తీసిన అప్పడాలకర్రలా సాపుగా ఉందిట. ఎదురింటాయన గోడమీద అలలు లేచాయి. ఆయనా ఆ చలికాలంలోనే చేయించుకున్నాడు, ఇంకెవరితోనో, రెండురోజుల్లో.

“మీ మేస్త్రీ నంబరిమ్మని అడిగాడక్కా. ఇచ్చాను. చలి రాకముందే, దసరాలోగా పిలిపించుకోమన్నాను. దసరా అంటే ఏమిటో చెప్పడానికి ఇంకో అరగంట పట్టింది.”